మల్టీమీటర్‌లో రేంజ్, రెల్ బటన్లు ఎందుకు? కేబుల్ పారేసే ముందు ఇది చదవండి

మిర్యాలగూడలో మా ఫ్రెండ్‌కి చిన్న మొబైల్ రిపేర్ షాపు ఉంది. పోయిన నెల నేను వెళ్లేసరికి ఒక టైప్-సి కేబుల్‌ని చెత్తబుట్టలో వేయబోతున్నాడు. "ఇది పోయింది రా, ఒక్క తీగకే 0.4 ఓమ్స్ చూపిస్తోంది" అన్నాడు. నేను మీటర్ ప్రోబ్స్ రెండింటినీ ఒకదానికొకటి ఆనించా. మధ్యలో కేబుల్ లేకుండానే 0.3 ఓమ్స్ చూపించింది! అంటే ఆ తీగది సుమారు 0.1 మాత్రమే. మిగతాదంతా ప్రోబ్స్ వైర్లది. కేబుల్ బాగానే ఉంది, లెక్క చూసింది మేమే తప్పు.

ఈ తప్పు జరగకుండా ఉండటానికే మీటర్‌లో రెల్ బటన్ ఉంటుంది. దాని పక్కనే రేంజ్ బటన్ కూడా ఉంటుంది. మనలో చాలామంది మీటర్ కొన్నాక ఈ రెండింటినీ ఒక్కసారి కూడా నొక్కరు. అవి ఏం చేస్తాయో, ఎక్కడ మోసం చేస్తాయో చూద్దాం.

రేంజ్ బటన్ పని ఏంటి?

ఆటో రేంజ్ మీటర్ తనంతట తానే సరిపోయే రేంజ్ ఎంచుకుంటుంది. 6000 కౌంట్స్ మీటర్ అనుకుందాం. 6 వోల్టుల లోపు అయితే 5.083 లాగా మూడు దశాంశాలు చూపిస్తుంది. 6 దాటగానే 60 వోల్టుల రేంజ్‌కి మారి 9.04 లాగా రెండే చూపిస్తుంది.

ఇప్పుడు ఫాస్ట్ ఛార్జర్‌ని టెస్ట్ చేస్తున్నారనుకోండి. ఫోన్ అడగగానే అది 5 వోల్టుల నుంచి 9 వోల్టులకు వెళ్తుంది. ఆ మారే క్షణంలో మీటర్ రేంజ్ వెతుక్కుంటూ కూర్చుంటుంది, దశాంశం అటూ ఇటూ గెంతుతుంది. అసలు చూడాల్సిన మార్పే మిస్ అవుతాం. రేంజ్ బటన్ నొక్కి ముందే 60 వోల్టుల దగ్గర ఆపేస్తే ఈ గోల ఉండదు.

వాడటం సులువే. చాలా మీటర్లలో ఒకసారి నొక్కితే డిస్‌ప్లేలో ఆటో గుర్తు పోతుంది, అంటే మాన్యువల్‌లోకి వచ్చారు. మళ్లీ నొక్కిన ప్రతిసారీ తర్వాతి రేంజ్ వస్తుంది. ఒకటి రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే తిరిగి ఆటో.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఓఎల్ అని వస్తే ఆ రేంజ్ సరిపోలేదని అర్థం, పై రేంజ్‌కి వెళ్లండి. అలాగే మరీ పెద్ద రేంజ్ పెట్టినా నష్టమే. ఇదే మీటర్‌లో 600 ఓమ్స్ రేంజ్ 0.1 ఓమ్ వరకు చూపిస్తుంది, 6 కిలో ఓమ్స్ రేంజ్ 1 ఓమ్ కంటే చిన్న తేడా చూపించదు. అందులో పెడితే పాడైన కేబుల్ కూడా సున్నా చూపించి మంచిదైపోతుంది!

రెల్ అంటే తీసివేత, అంతే

రెల్ నొక్కిన క్షణంలో డిస్‌ప్లేలో ఎంత ఉందో మీటర్ గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి రీడింగ్ నుంచి దాన్ని తీసేసి చూపిస్తుంది. డిస్‌ప్లేలో రెల్ అనో, చిన్న త్రికోణం గుర్తో వస్తుంది.

రెసిస్టెన్స్‌కి ఇలా చేయండి: ప్రోబ్స్ గట్టిగా ఆనించండి, అంకె నిలకడగా ఉన్నాక రెల్ నొక్కండి, సున్నా వస్తుంది. ఇప్పుడు తీగని కొలవండి. పికో ఫారడ్స్‌లో ఉండే చిన్న కెపాసిటర్లకి ప్రోబ్స్ ఆనించకుండా, విడిగా పట్టుకుని రెల్ నొక్కాలి. సీలింగ్ ఫ్యాన్‌లో ఉండే 2.5 మైక్రో ఫారడ్ కెపాసిటర్‌కి ఇదేం అక్కర్లేదు, ప్రోబ్స్ కలిపే తేడా అక్కడ లెక్కలోకే రాదు.

మీ దగ్గర డీటీ-830డి లాంటి చవక మీటర్ ఉంటే రెల్ ఉండదు. పర్లేదు, ప్రోబ్స్ రీడింగ్ కాగితం మీద రాసుకుని మీరే తీసేయండి. ఫలితం అదే.

కేబుల్‌కి అసలు పరీక్ష

రెల్ వల్ల మీటర్ ఖచ్చితత్వం పెరగదు. చివరి అంకె 0.1 దగ్గర ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా నమ్మలేం. అందుకే కేబుల్‌లో కరెంట్ పారుతుండగా వోల్టేజ్ చూడటం మేలు. దీనికి కేబుల్ రెండు చివర్లా చిన్న బ్రేకవుట్ బోర్డులు కావాలి. మామూలు 5 వోల్టుల ఛార్జర్‌తో ఫోన్ ఛార్జ్ అవుతుండగా ఛార్జర్ వైపు కొలిచి రెల్ నొక్కండి. వెంటనే ఫోన్ వైపు కొలవండి. మైనస్ 0.38 వచ్చిందంటే దారిలో 0.38 వోల్ట్ పోయిందన్నమాట. అప్పుడు కరెంట్ 1.9 ఆంప్స్ ఉంటే, 0.38ని 1.9తో భాగిస్తే 0.2 ఓమ్. రానూపోనూ రెండు తీగలకీ కలిపి అంతే. మా ఫ్రెండ్ కేబుల్‌కి ఇదే చేశాం. అది ఇంకా షాపులోనే పనిచేస్తోంది.

సున్నా కనిపిస్తే ఆగండి

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఎండాకాలంలో కోదాడలో ఇంట్లో కరెంట్ ఎంత హెచ్చుతగ్గులు అవుతుందో చూద్దామని, సూర్యాపేటలో కొన్న మీటర్‌ని బోర్డుకి పెట్టి 231 వోల్టుల దగ్గర రెల్ నొక్కా. ఫోన్ వస్తే బయటికి వెళ్లి పావుగంట మాట్లాడా. తిరిగొచ్చేసరికి మీటర్‌లో సున్నా. కరెంట్ పోయిందనుకుని బోర్డులో వదులైన వైరు సరిచేద్దామని చెయ్యి పెట్టబోయా. నాన్న ఒక్కటే మాట అన్నారు: "ఫ్యాన్ తిరుగుతోంది కదరా!"

మీటర్ అబద్ధం చెప్పలేదు. 231లో నుంచి 231 తీసేస్తే సున్నాయే. మూలన త్రికోణం గుర్తు ఉంది, నేనే చూడలేదు.

అందుకే నా పద్ధతి ఇది. 230 వోల్టుల మీద రెల్ వాడను. కొలత అయిపోగానే డయల్ ఆఫ్‌కి తిప్పుతా. వైరు ముట్టుకునే ముందు రెల్ లేకుండా, పనిచేస్తుందని తెలిసిన మరో సాకెట్‌లో మీటర్‌ని ఒకసారి సరిచూసుకుని, ఆ తర్వాత మెయిన్ ఆపి, అప్పుడు కొలుస్తా. మీరూ అంకె చదివే ముందు డిస్‌ప్లే మూలన ఏ గుర్తు ఉందో ఒక్కసారి చూడండి.