ఓడ పొగను విమానం పట్టేదెలా? అపోహలు – వాస్తవాలు

నడిసముద్రంలో ఓడ వదిలే పొగ అక్కడే కలిసిపోతుందనీ, నేల మీది మనుషులకు దానితో పనిలేదనీ చాలామంది నమ్మకం. వాస్తవానికి ఓడల పొగలో దాదాపు 70 శాతం తీరానికి 400 కిలోమీటర్ల లోపే వెలువడుతుంది. సముద్రపు గాలి దాన్ని ఒడ్డు దాటించి లోపలికి మోసుకొస్తుంది. బస్తర్‌కు తీరం లేదు గానీ ఓడలతో లంకె ఉంది: బైలాడిలా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో విశాఖపట్నం చేరుతుంది, అందులో కొంత అక్కడ ఓడలకెక్కుతుంది.

పొగ నల్లగా ఉంటేనే ఓడ నిబంధన మీరినట్టన్నది ఇంకో అపోహ. ఆ నలుపు మసిది. ఇంధనంలోని గంధకం కాలితే పుట్టే సల్ఫర్ డయాక్సైడ్ కంటికి కనిపించదు. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం 0.50 శాతం మించకూడదు. అంతకు ముందు పరిమితి 3.50. ఉత్తర సముద్రం, బాల్టిక్ వంటి చోట్ల 2015 నుంచే అది 0.10. బంగాళాఖాతం ఆ ప్రత్యేక ప్రాంతాల్లో లేదు.

విమానం పైనుంచి ఫొటోలు తీస్తుందనుకోవడమూ పొరపాటే. 2015 నుంచి బెల్జియం విమానం తక్కువ ఎత్తులో, గాలివాలున, నేరుగా పొగలోకే దూరుతోంది. లోపలి పరికరం గాలిని పీల్చి సల్ఫర్ డయాక్సైడ్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను విడివిడిగా కొలుస్తుంది. కిటుకంతా ఈ రెండింటి నిష్పత్తిలోనే ఉంది. ఓడ ఇంధనంలో సుమారు 87 శాతం కార్బనే కాబట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి కాలిన ఇంధనం లెక్క తేలుతుంది. పొగ ఎంత పలచబడినా రెండు వాయువులూ ఒకే పాళ్లలో పలచబడతాయి. అందుకే పొగ మొత్తాన్ని కొలవకుండానే గంధకం శాతం చెప్పవచ్చు. ఆ పొగ ఏ ఓడదో, ఓడలు ప్రసారం చేసే గుర్తింపు సంకేతాలు పట్టిస్తాయి.

విమానం లెక్క తేలగానే జరిమానా పడదు. అది అనుమానమే. తర్వాతి రేవులో తనిఖీదారులు ఓడెక్కి, ఇంధనం కొన్న పత్రాలు చూసి, నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. పొగను కడిగి వదిలే పరికరమున్న ఓడ గంధకం ఎక్కువున్న ఇంధనాన్ని వాడినా తప్పు కాదు.

మన తీర రక్షక దళం డోర్నియర్ విమానాలు కాలుష్యాన్ని చూస్తూనే ఉన్నాయిగా అనిపించవచ్చు. నీటి మీది చమురు తెట్టును వెతకడం వేరే పని. చమురు చిన్న అలలను అణచివేస్తుంది గనుక తెట్టు రాడార్‌కు చిక్కుతుంది. గంధకపు వాయువు నీటి మీద అలాంటి జాడ వదలదు.