మీటింగ్ పిలుపుకు జవాబు ఇవ్వండి

మార్చి నెల వచ్చిందంటే ఆడిటర్ల ఆఫీసుల్లో ప్రతి అరగంటకూ గిరాకీయే. 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, క్లయింట్లందరికీ పని ఆ నెలలోనే పడుతుంది. విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసులో ఆ అరగంటలు పంచే పని నాది. ఆడిటర్ గారి తీరిక, సీఏ ఆర్టికల్స్ శిక్షణలో ఉన్న పిల్లల తీరిక, హైదరాబాద్ క్లయింట్ల తీరిక, ఇక్కడ అద్దెలు వస్తూ న్యూజెర్సీలోనో లండన్‌లోనో కాపురముంటున్న వాళ్ల తీరిక, అన్నీ ఒకచోట కలవాలి. ఫోన్లో అనుకున్న మీటింగును ఎవరో ఒకరు మరిచిపోతారు. మెయిల్లో ఆహ్వానం వెళ్లి, దానికి బటన్ నొక్కి జవాబు వచ్చిన మీటింగు మాత్రం జరిగి తీరుతుందని నా నమ్మకం.

మా కంప్యూటర్లలో తండర్‌బర్డ్ వాడతాం. మొజిల్లా వాళ్లు 2004లో మొదటి వెర్షన్ విడుదల చేసిన ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ ఇది. క్యాలెండర్ చాలాకాలం లైట్నింగ్ అనే యాడ్‌ఆన్‌గా ఉండేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో పూర్తిగా ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయింది. మీరు ఔట్‌లుక్ వాడుతున్నా ఇక్కడ చెప్పేది చాలావరకు మీకూ పనికొస్తుంది. బటన్లు ఉండే చోటు మారుతుందంతే, పద్ధతి ఒకటే.

ఎవరైనా మీటింగుకు పిలిస్తే ఆ మెయిల్ పైభాగంలో ఒక పట్టీ కనిపిస్తుంది. యాక్సెప్ట్, టెంటేటివ్, డిక్లైన్ అని మూడు బటన్లు. చాలామంది వాటిని ముట్టుకోరు. మెయిల్ చదివి, మామూలు రిప్లై నొక్కి, "ఓకే సర్, వస్తాను" అని రాస్తారు. మర్యాదగానే రాశారు. కానీ ఆ మాట పిలిచిన మనిషికి చేరుతుంది తప్ప ఆయన క్యాలెండర్‌కు చేరదు. అక్కడ మీ పేరు పక్కన ఇంకా జవాబు రాలేదనే ఉంటుంది.

ఎందుకలా అవుతుందో తెలియాలంటే ఆహ్వానంతో వచ్చే డాట్ ఐసీఎస్ ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అన్నీ మామూలు అక్షరాలే. "మెథడ్" అన్న వరుసలో "రిక్వెస్ట్" అని ఉంటుంది, అంటే ఇది పిలుపు. "ఆర్గనైజర్" దగ్గర పిలిచినవారి మెయిల్ చిరునామా. "అటెండీ" అనే వరుస ఒక్కొక్కరికీ ఒకటి చొప్పున ఉంటుంది. అందులో "పార్ట్‌స్టాట్" అన్నచోట "నీడ్స్ యాక్షన్" అని కనిపిస్తే ఈ మనిషి ఇంకా ఏ సంగతీ చెప్పలేదని అర్థం. "యూఐడీ" అనే వరుసలో పొడుగాటి గుర్తు ఒకటి ఉంటుంది. అది ఆ మీటింగుకు మాత్రమే చెందినది, మరే మీటింగుకూ రాదు. "సీక్వెన్స్" దగ్గర సున్నా ఉంటుంది. తేదీయో టైమో మారినప్పుడు ఆ అంకె పెరుగుతుంది.

మీరు యాక్సెప్ట్ నొక్కగానే మీ ప్రోగ్రామ్ ఇలాంటిదే ఇంకో చిన్న ఫైలు తయారుచేస్తుంది. మెథడ్ ఈసారి "రిప్లై", మీ పేరు దగ్గర "యాక్సెప్టెడ్", యూఐడీ మాత్రం పాతదే. అది మెయిల్లో వెళ్లగానే పిలిచినవారి ప్రోగ్రామ్ ఆ గుర్తును పట్టుకుని సరైన మీటింగును వెతికి, మీ పేరు పక్కన మీ జవాబు నమోదు చేస్తుంది. ఈ భాష పేరు ఐక్యాలెండర్. లోటస్‌కు చెందిన ఫ్రాంక్ డాసన్, మైక్రోసాఫ్ట్‌కు చెందిన డెరిక్ స్టెనర్సన్ రాసిన ప్రమాణంగా 1998లో వెలువడింది, 2009లో సవరించారు. రెండు పోటీ కంపెనీల మనుషులు కూర్చుని ఒక ఉమ్మడి పద్ధతి రాయబట్టే గవర్నర్‌పేటలోని తండర్‌బర్డ్, న్యూజెర్సీలోని ఔట్‌లుక్ ఇవాళ ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకుంటున్నాయి. ఇంత మంచి ఏర్పాటు చేతిలో ఉండగా వాడుకోకపోవడం అన్యాయం.

పిలిచేవారి బాధ్యత ఇంకా ఎక్కువ. మీటింగు గురువారం నుంచి శుక్రవారానికి మారితే పాత ఈవెంట్‌నే తెరిచి తేదీ మార్చాలి. "నోటిఫై అటెండీస్" గడిలో టిక్ ఉందో లేదో చూసి సేవ్ చేయాలి. అప్పుడు అదే యూఐడీతో, పెరిగిన సీక్వెన్స్ అంకెతో కొత్త కబురు అందరికీ వెళ్లి, వాళ్ల క్యాలెండర్లలో పాత తేదీ స్థానంలో కొత్తది వస్తుంది. అలా కాకుండా శుక్రవారానికి కొత్త ఆహ్వానం పంపి పాతదాన్ని వదిలేస్తే రెండూ నిలిచి ఉంటాయి. మా క్లయింట్ ఒకరు ఇలాగే చేస్తే ఆడిటర్ గారు గురువారం సాయంత్రం ఖాళీ స్క్రీన్ ముందు అరగంట కూర్చున్నారు. ఆ అరగంట ఇంకో క్లయింట్‌కు దక్కాల్సింది. మీటింగు రద్దు చేసేటప్పుడూ అంతే. ఈవెంట్ తొలగించాక రద్దు కబురు పంపాలా అని అడిగితే పంపమనండి.

ఇక టైము సంగతి. మన దేశంలో గడియారం ఏడాది పొడుగునా ఒకటే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. న్యూజెర్సీలో ఉదయం 8:30 అంటే చలికాలంలో మనకు రాత్రి 7, వేసవిలో సాయంత్రం 6. లండన్‌లో గడియారం తిప్పేది మార్చి ఆఖరి ఆదివారం. 2026లో అమెరికా మార్చి 8న, బ్రిటన్ మార్చి 29న మారతాయి. మధ్యలో ఉన్న మూడు వారాలూ మా పనికి అసలైన వారాలు. వారం వారం జరిగే మీటింగును మన టైములో రాత్రి 7కు పెట్టామనుకోండి, మార్చి 8 తర్వాత న్యూజెర్సీ క్లయింట్‌కు అది 9:30 అవుతుంది. ఆమె అప్పటికి ఆఫీసులో ఉంటారు. అందుకని ఎవరి గడియారం కదలకూడదో ముందు తేల్చుకోండి. ఆమె 8:30 కదలకూడదనుకుంటే ఈవెంట్ కిటికీలో టైమ్ జోన్ చూపించమని చెప్పి, దాన్ని న్యూజెర్సీ టైమే ఉండే న్యూయార్క్‌కు మార్చండి. ఆ తర్వాత మన దగ్గర 7 దానంతటదే 6 అవుతుంది, ఆమెకు మాత్రం ఏడాదంతా 8:30 గానే ఉంటుంది.

నెలనెలా వచ్చే పనులకు వరుస ఈవెంట్ పెట్టుకోవడం మేలు. జీఎస్టీ రిటర్నులు నెలవారీగా వేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, 3బీ గడువు 20. బిల్లులు తెచ్చి కూర్చోమని క్లయింట్ల అకౌంటెంట్లకు ప్రతి నెలా 8వ తేదీకి ఒకే ఆహ్వానం పంపుతాను. ఒక నెల కుదరకపోతే ఆ ఒక్క రోజుదే మార్చాలి. మార్పు ఈ ఒక్కదానికా, మొత్తం వరుసకా అని ప్రోగ్రామ్ అడిగే ప్రశ్నను చదవకుండా దాటేయకండి.

ఆహ్వానం వచ్చినా సరిగా పనిచేయడం లేదంటే ముందు చూడాల్సింది చిరునామా. మనలో చాలామందికి రెండు మూడు మెయిల్ ఐడీలుంటాయి. తండర్‌బర్డ్‌లో క్యాలెండర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే అది ఏ ఐడీకి ముడిపడి ఉందో తెలుస్తుంది. మిమ్మల్ని పిలిచిన ఐడీ, ఆ ఐడీ ఒకటే అయ్యేలా చూసుకోండి. రెండోది, "హోమ్" అనే క్యాలెండర్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఫోన్‌కు రాదు. ఫోన్లోనూ కనిపించాలంటే గూగుల్ క్యాలెండర్‌నో, కాల్‌డావ్ పద్ధతిలో నడిచే ఇంకో సర్వర్‌నో జోడించి, యాక్సెప్ట్ చేసినవి అందులో పడేలా చేయండి. మూడోది, మీకొచ్చిన ఆహ్వానాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేయడం వల్ల వాళ్లు ఆహ్వానితులైపోరు. జాబితాలో వాళ్ల పేరు ఉండదు, కాబట్టి వాళ్ల జవాబు పిలిచినవారి లెక్కలోకి సరిగా రాకపోవచ్చు. వాళ్ల పేరు చేర్చమని పిలిచినవారినే అడగాలి.

తెలియని వాళ్ల నుంచి ఆఫర్లతో, లింకులతో వచ్చే ఆహ్వానాలకు మాత్రం డిక్లైన్ కూడా నొక్కవద్దు. ఆ జవాబు మోసగాడికి చేరి, ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని చెబుతుంది. 2016 నవంబరులో యాపిల్ ఐక్లౌడ్ క్యాలెండర్లలోకి ఇలాంటి ప్రకటనలు వెల్లువలా వస్తే, ఆ కంపెనీ వాటిని చెత్తగా ఫిర్యాదు చేసే వీలు కల్పించాల్సి వచ్చింది. తండర్‌బర్డ్‌లో అయితే జంక్ అని గుర్తుపెట్టి వదిలేయండి. లింకు తెరవద్దు.

తెలిసినవారి పిలుపు విషయంలో ఒక మాట. మొహం మీద కాదనడం మనకు కష్టం. పెళ్లి శుభలేఖ వస్తే రాలేమని ముందే చెప్పే అలవాటు మనలో తక్కువ. వచ్చినంత మందికి వడ్డిస్తారు, అక్కడ అది చెల్లుతుంది. మీటింగులో చెల్లదు. రాలేమని తెలిసీ టెంటేటివ్ నొక్కి ఊరుకుంటే ఆ అరగంట మీదీ కాదు, ఇంకొకరిదీ కాదు. టెంటేటివ్ నిజంగా తేలని వాటికే వాడండి, తేలగానే మార్చండి.

కాబట్టి ఇవాళే మీ ఇన్‌బాక్స్ తెరిచి జవాబివ్వని ఆహ్వానాలు వెతకండి. వస్తుంటే యాక్సెప్ట్, రాలేకపోతే డిక్లైన్. మీరు వదులుకున్న ఆ అరగంట కోసం ఎదురుచూసే మనిషి ఎక్కడో ఒకరు ఉంటారు.