విమానమున కింధనపు లెక్క

దూరపుటూరికి బండి కట్టునపుడు ఎద్దులకు త్రోవలో మేత యెంత కావలయునో ముందుగ నెంచి, గడ్డిమోపులను బండిలో వేసికొనుట మనవారి వాడుక. మోపులు చాలనిచో ఎద్దులకు పస్తు. మితిమీరినచో ఆ బరువు లాగుటయు వానిపాలే. విమానమున కింధనము నింపుటలోని చిక్కును ఇట్టిదే. అయితే బండిని త్రోవలో నాపవచ్చును. విమానము నాకాశమున నాపుటకు వీలులేదు. కావున లెక్క నేలమీఁదనే ముగియవలయును. ఆ లెక్క యెట్లు సాగునో మనవి చేసెదను.

ఇంధనమును ముఖ్యముగ నైదు పద్దులుగ నెంచెదరు. ఎగురుటకు ముందు నేలపై నడచుటకు కొంత. గమ్యము చేరుట కయ్యెడి ఖర్చు రెండవది. ఎదురుగాలి హెచ్చుట, త్రోవ మాఱుట మొదలగు వానికై ఆ ఖర్చులో సాధారణముగ నూటి కైదు వంతులు మూఁడవది. గమ్యస్థానమున మంచు గాని తుపాను గాని యడ్డగించినచో వేఱొక విమానాశ్రయమునకు పోవుటకు నాలవది. జెట్ విమానము 1,500 అడుగుల యెత్తున 30 నిమిషములు తిరుగుటకు చాలునట్టిది అయిదవది. ఈ కడపటి నిలువను ముట్టకుండ దిగవలెనని నియమము.

ఈ పద్దులను కూడినంతనే లెక్క తెమలదు. ఇంధనము మోయుటకును ఇంధనమే కావలయును. పెద్ద జెట్ విమానమున అదనముగ వేయి కిలోలు నింపినచో, గంటకు సుమారు 30, 40 కిలోలు దానిని మోయుటకే ఖర్చగును. కావున దిగునప్పటి బరువును ముందు నిశ్చయించి, అచ్చటినుండి మెట్టుమెట్టుగ వెనుకకు లెక్కించుకొని రావలయును. ప్రతి యెత్తునందలి గాలివేగమును, చలిని, విమానపు బరువును గైకొని, నేఁటి కంప్యూటరు సాఫ్ట్‌వేరు ఈ పనిని క్షణములలో ముగించుచున్నది.

అయినను యంత్రము తనకు చెప్పిన యంకెనే నమ్మును. 1983వ సంవత్సరము జులై 23వ తేదీన కెనడా దేశమున జరిగిన సంగతి యిందుకు తార్కాణము. ఎయిర్ కెనడా వారి బోయింగు 767 విమానము మాంట్రియలునుండి ఒట్టావామీఁదుగ ఎడ్మంటనుకు పోవలసియుండెను. కావలసిన యింధనము 22,300 కిలోలు. ఇంధనమును జూపు మీటర్లు పనిచేయకపోఁగా, కొలకఱ్ఱలతో కొలిచి, తొట్లలో 7,682 లీటర్లున్నట్లు తేల్చిరి. లీటరు ఇంధనము సుమారు 0.8 కిలో తూఁగును. వారు 1.77 చేత గుణించిరి. అది లీటరునకు పౌనుల లెక్క. వచ్చిన 13,597 పౌనులను కిలోలుగ నెంచి, 4,917 లీటర్లు మాత్రమే పోయించిరి. నిజమునకు పోయవలసినది సుమారు 20,000 లీటర్లు. విమానములోని కంప్యూటరునకు 22,300 కిలోలనియే చెప్పిరి. ఒట్టావాలో మరల కొలిచియు, మరల 1.77 చేతనే గుణించిరి.

41,000 అడుగుల యెత్తున ఇంధనము తఱిఁగిపోయి, పిమ్మట రెండు ఇంజనులును ఆఱిపోయెను. ఇంజను లేని గ్లైడరులను నడపుట తెలిసిన కెప్టెను రాబర్టు పియర్సను విమానమును గిమ్లీ యను పాత వైమానిక స్థావరమున దింపెను. అందలి 69 మందియు ప్రాణములతో బయటపడిరి.

ఒకయూరి కుంచము వేఱొకయూరి కుంచమునకు సరిపోదని మీరెఱుఁగనిది కాదు. అందుచేతనే నేఁడు పోసిన లీటర్లను సాంద్రతచే గుణించి, ముందున్న దానితో కూడి, మీటరు చూపు కిలోలతో పోల్చిచూతురు. రెండును కలియనిచో కారణము తేలువఱకు విమానమును కదల్పరాదు.