రెండు గొంతుల స్పీకర్

1970ల నాటి పెద్ద స్పీకర్‌కి ముందున్న గుడ్డ విప్పితే ఒక్కోసారి నల్లటి పొడి ఒళ్లోకి రాలుతుంది. కొంత పిండిలా ఉంటుంది, కొంత తారులా వేళ్లకు అంటుకుంటుంది. కాగితపు కోన్ చుట్టూ మెత్తటి అంచుగా ఉండాల్సిన ఫోమ్ అది. లోపల అయస్కాంతం బాగానే ఉంటుంది, కోన్‌కి చిన్న చిరుగైనా ఉండదు. పట్టుకునే అంచు లేక అది ఒక పక్కకు వాలిపోయి, పాట పెడితే బొంగురుగా గీరుతుంది. పని అయిపోయిందనుకుని పాత సామాన్లవాడికి తూకానికి వేసేసిన ఇలాంటి స్పీకర్లు ఎన్నో. నిజానికి వాటిలో పాడైంది ఆ ఒక్క అంచే.

ఇలా చావు తప్పించుకుని మళ్లీ స్టూడియో బల్లల ముందు కూర్చుంటున్న పాత స్పీకర్లలో నాకు బాగా ఇష్టమైనది టానాయ్ కంపెనీ వారి డ్యుయల్ కాన్సెంట్రిక్. బ్రిటన్ స్టూడియోలలో కొన్ని దశాబ్దాల పాటు అది మానిటర్‌గా పనిచేసింది. మానిటర్ అన్న మాటను ఇక్కడ కొంచెం విప్పి చెప్పాలి. ఇంట్లో స్పీకర్ పని పాటను ఇంపుగా వినిపించడం. స్టూడియో మానిటర్ పని వేరు. గాయని ఊపిరి తీసుకున్న చోటు, రెండు టేకుల మధ్య అతుకు, వయొలిన్ మీద మైకు మరీ దగ్గరగా పెట్టిన సంగతి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. ఈ తేడా మనసులో ఉంచుకుంటే మరమ్మతులో ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో సగం తెలిసినట్టే.

గై ఫౌంటెన్ అనే ఆయన 1926లో లండన్‌లో ఈ కంపెనీ మొదలుపెట్టినప్పుడు స్పీకర్ల ఊసే లేదు. అప్పటి రేడియోలు బ్యాటరీల మీద నడిచేవి. వాటిని ఇంట్లోనే చార్జి చేసుకోవడానికి పనికొచ్చే రెక్టిఫయర్ ఆయన తయారుచేశాడు. అందులో వాడిన లోహాలు టాంటలం, సీసం. 'టాంటలం అల్లాయ్' అన్న రెండు మాటలను కుదిస్తే వచ్చిందే టానాయ్. తర్వాత సభలకు, స్టేషన్లకు లౌడ్‌స్పీకర్లు చేసి ఎంత పేరు తెచ్చుకున్నారంటే, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు, ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, బ్రిటన్‌లో మైకు ప్రకటన ఎక్కడ వినిపించినా దాన్ని టానాయ్ అనే అంటారు.

స్పీకర్ లోపలి సూత్రం మాత్రం వీళ్లది కాదు. ఇవాళ్టి స్పీకర్లన్నిటికీ మాతృక అనదగ్గ రూపాన్ని 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ప్రకటించారు. అయస్కాంతంలో గుండ్రటి సన్నని సందు, ఆ సందులో రాగి తీగ చుట్టిన కాయిల్, కాయిల్‌కు అతికించిన కాగితపు కోన్. కరెంటు అటూ ఇటూ మారినప్పుడల్లా కాయిల్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, దాంతోపాటు కోన్ గాలిని తోస్తుంది. అంతే. చిక్కంతా ఒక్క చోట ఉంది. మంద్రస్వరాలకు పెద్ద కోన్ కావాలి, తారస్వరాలకు తేలికైన చిన్న పొర కావాలి. ఒకే కోన్‌తో రెండూ చేయిస్తే రెండూ అరకొరగానే వస్తాయి.

కాబట్టి పెద్దదొకటి, చిన్నదొకటి ఒకే పెట్టెలో కింద మీద పెట్టడం అలవాటైంది. కానీ 1000 హెర్ట్జ్ దగ్గర గాలిలో శబ్ద తరంగం పొడవు దాదాపు 34 సెంటీమీటర్లు. రెండు స్పీకర్ల కేంద్రాల మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. పాట ఒకదాన్నుంచి రెండోదానికి మారే ఆ స్వరాల దగ్గర, వినేవాడు కుర్చీలోంచి లేచినా కిందికి వంగినా ఒకదాని తరంగం రెండోదాన్ని కొంత మింగేస్తుంది. హాల్లో దూరంగా కూర్చుని వినేవాడికి ఇది అంతగా పట్టదు. స్పీకర్‌కి రెండు మీటర్ల దూరంలో కూర్చుని, రోజంతా అటూ ఇటూ కదులుతూ పనిచేసే రికార్డింగ్ ఇంజినీరుకు మాత్రం గాయకుడి గొంతు రంగు మారుతున్నట్టే ఉంటుంది.

టానాయ్‌లో రాక్‌హామ్ అనే ఇంజినీరు దీనికి చూపిన దారి డ్యుయల్ కాన్సెంట్రిక్. 1947లో లండన్ రేడియో ప్రదర్శనలో దాన్ని పెట్టారు. 15 అంగుళాల కోన్ వెనక, అయస్కాంతం నడిబొడ్డులోంచి ఒక బూరా దారి తొలిచారు. ఆ దారికి వెనక చివర పలచటి లోహపు పొర తారస్వరాలను పలుకుతుంది. ఆ ధ్వని మిరియాల డబ్బీ మూతలా చిల్లులున్న ముక్క గుండా వడగట్టినట్టు వచ్చి, బూరా దాటి, పెద్ద కోన్ మధ్యలోంచి బయటపడుతుంది. ఇందులో నన్ను అన్నిటికంటే ముచ్చటపరిచేది, ఆ కోన్ వాలు బూరాకు కొనసాగింపుగా కూడా పనికిరావడం. మంద్రాన్ని పలికే కోనే తారానికి బూరా నోరవుతుంది. అదే రోజుల్లో అమెరికాలో ఆల్టెక్ వాళ్ల 604 కూడా ఒకే కేంద్రం అన్న ఆలోచనతోనే వచ్చింది, కాకపోతే వాళ్లు కోన్ ముందు విడిగా చిన్న బూరాను నిలబెట్టారు. టానాయ్ రూపకల్పనలోనూ లోపం లేకపోలేదు. లోహపు పొర వెనగ్గా ఉండటంతో తారస్వరాలు మంద్రం కంటే లిప్తలో ఎంతో చిన్న వంతు ఆలస్యంగా చెవిని చేరతాయి. అయినా రెండు గొంతులూ ఒకే బిందువు నుంచి రావడంలోని మేలు దానికంటే చాలా పెద్దది.

అయస్కాంతం మీది మూత రంగును బట్టి తరాలకు పేర్లు వచ్చాయి. నలుపు, వెండి, 1950ల చివరి నుంచి ఎరుపు, 1967 నుంచి బంగారం. మానిటర్ గోల్డ్‌లో గది స్వభావాన్ని బట్టి తారస్వరాలను హెచ్చించడానికి, తగ్గించడానికి మీటలు ఉంటాయి. 1974లో వచ్చిన హెచ్‌పీడీ తరంలో కోన్ వెనక గట్టిదనం కోసం పక్కటెముకల్లాంటి పట్టీలు అతికించారు. చుట్టూ అంచుకు ఫోమ్ వాడారు. మొదట చెప్పిన నల్లపొడి ఇక్కడిదే.

ఆ ఫోమ్ పాలిస్టర్ రకం పాలీయూరథేన్. గాలిలోని తేమ దాని అణుబంధాలను ఒక్కొక్కటిగా తెంచుతుంది. వేడి తోడైతే ఆ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. స్పీకర్‌ని మోగించినా, అట్టపెట్టెలో భద్రంగా దాచినా ఒకటే. విశాఖలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉన్న ఫోమ్, చలిదేశంలో పొడిగా ఉన్న ఫోమ్ కంటే ముందే రాలిపోతుంది.

మార్చడం ఓపిక పని. కోన్ అంచున మిగిలిన జిగటను ఆల్కహాల్ అద్దిన దూదితో కొంచెం కొంచెంగా తీయాలి. కాగితాన్ని నాననివ్వకూడదు, గీకకూడదు. కొత్త రింగు పాతదాని వెడల్పులో, మెత్తదనంలో ఉండాలి. ముందు కోన్‌కి అతికించి, జిగురు ఆరనిచ్చి, మర్నాడు చట్రానికి అతికించాలి. అసలు పరీక్ష ఈ రెండో అతుకులో ఉంది. కాయిల్ ఆ సన్నని సందులో ఏ పక్కా తగలకుండా సరిగ్గా నడుమ నిలవాలి. అందుకని జిగురు పచ్చిగా ఉండగానే చిన్న ఆంప్లిఫయర్‌తో 30 హెర్ట్జ్ మంద్ర ధ్వనిని మెల్లగా పంపుతారు. కాయిల్ ఎక్కడైనా రాసుకుంటే గరగర వినిపిస్తుంది. అంచును వెంట్రుకవాసి జరిపి మళ్లీ వింటారు. గరగర ఆగిన చోట వదిలేసి, ఒక రోజంతా ముట్టుకోరు.

వీణకు మేళం కట్టేవాళ్ల పని నాకు ఇక్కడ గుర్తొస్తుంది. ఏళ్లు గడిచి మైనం బీటలిస్తే, పాతదంతా తీసి, కొత్త మైనం వేసి, ఒక్కో మెట్టునూ చెవితో వింటూ నిలబెడతారు. కర్ర, దండి, కుండ వేటి జోలికీ పోరు. వీణ అదే వీణ.

స్పీకర్ల విషయంలో ఈ నిగ్రహం అందరికీ ఉండదు. ఫోమ్ మళ్లీ పోతుందేమోనని రబ్బరు అంచు వేసేవాళ్లున్నారు. అది ఎక్కువ కాలం మన్నే మాట నిజం. కానీ బరువు, బిగువు మారతాయి, దాంతో కోన్ సహజ కంపనం మారుతుంది, మంద్రం తీరు మారుతుంది. కాగితం కాస్త నలిగిందని వేరే కంపెనీ కోన్ తెచ్చి బిగిస్తే, టానాయ్ పేరున్న చట్రంలో వేరెవరిదో గొంతు పలుకుతుంది. ఇంట్లో వినడానికైతే ఎవరిష్టం వారిది. మానిటర్‌గా వాడాలనుకున్న స్పీకర్‌కి ఇది చేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. దశాబ్దాల పాటు ఇంజినీర్లు దాని తీరు నేర్చుకున్నారు, ఎక్కడ కొంచెం పెంచి చెబుతుందో, ఎక్కడ తగ్గించి చెబుతుందో వాళ్ల చెవులకు తెలుసు. ఆ తీరు పోతే పాత స్పీకర్‌ని బాగుచేయడం ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు.

ఎరుపు, బంగారం తరాల 15 అంగుళాల స్పీకర్లకు ఫోమ్ బెడద లేదు. వాటిలో చూడాల్సింది అయస్కాంతం. అది ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం. 1978లో ఆఫ్రికాలోని జైర్ దేశంలో, కోబాల్ట్ గనులున్న షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర ఆకాశానికంటింది. స్పీకర్ల పరిశ్రమ చాలావరకు చవకైన ఫెరైట్ వైపు తిరిగింది, టానాయ్ కూడా తిరిగింది. ఎక్కడో గనుల దగ్గర పేలిన తుపాకులు స్పీకర్ల వెనకభాగం ఆకారాన్నే మార్చేశాయి.

ఆల్నికోకు ఒక బలహీనత ఉంది. గట్టి దెబ్బ తగిలినా, కాయిల్‌లోకి మితిమీరిన కరెంటు వచ్చినా దాని శక్తి కొంత తగ్గవచ్చు. ఈ తరాల్లో రెండు గొంతులకూ ఒకే అయస్కాంతం కాబట్టి, అది నీరసిస్తే మంద్రమూ తారమూ రెండూ నీరసిస్తాయి. వెనక మూత విప్పి లోహపు పొరను మార్చవచ్చు కానీ, అయస్కాంతాన్నే దాని ఇనుప తొడుగు నుంచి విడదీస్తే ఆ క్షణమే శక్తి జారిపోతుంది. మళ్లీ ఎక్కించడానికి ప్రత్యేకమైన యంత్రం కావాలి. తెలియని కుతూహలంతో విప్పి చూసి, ఒక జతలో ఒకదాన్ని మూగదాన్ని చేసుకున్నవాళ్లు ఉన్నారు. సందులో చేరిన ఇనుప రజనును తీయడానికి కూడా పనిముట్లు అక్కర్లేదు. జిగురు టేపును మడిచి లోపలికి పోనిచ్చి తిప్పితే అంటుకుని వస్తుంది.

మంద్రాన్ని, తారాన్ని విడదీసి దేనికది పంపే క్రాస్ఓవర్ సంగతి త్వరగా తేలిపోతుంది. కెపాసిటర్ల విలువలు ఏళ్లు గడిచేకొద్దీ పక్కకు జరుగుతాయి, కొలిచి చూసి అదే విలువ ఉన్నవి వేయాలి. గోల్డ్ మీటల తుప్పు తుడిస్తే చాలు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి మల్టీమీటర్ 5, 6 ఓమ్‌లు చూపిస్తే కాయిల్ బతికే ఉన్నట్టు. ఆంప్లిఫయర్ దగ్గర మాత్రం జాగ్రత్త. గోల్డ్ తట్టుకునేది 50 వాట్లే. అయితే దానికి అంత అవసరమూ రాదు, 15 వాట్లతోనే గది నిండిపోతుంది.

చివరికి తేలాల్సింది ఒక స్పీకర్ బాగుందా అని కాదు, రెండూ ఒకేలా ఉన్నాయా అని. ముందు మైకుతో ఒక్కోదాన్ని ఒకే దూరం నుంచి కొలిచి, గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తారు. తర్వాత మోనోలో రికార్డు చేసిన ఒక గొంతును రెండింటికీ ఒకేసారి పంపి, దీపం తగ్గించి, నడుమ కూర్చుని వింటారు. ఒకదాని తీగలు తిరగబడితే గొంతు గది అంతా చెదిరిపోతుంది. ఒక అయస్కాంతం నీరసిస్తే గొంతు రెండోవైపుకు ఒరుగుతుంది. అన్నీ కుదిరితే, ఏ స్పీకర్ లేని ఆ నడిమి ఖాళీలో, మనిషి ఎత్తున, గాయకుడు వచ్చి నిలబడతాడు. ఇంజినీరు కుర్చీలోంచి లేస్తాడు, బల్ల మీదికి వంగుతాడు, మళ్లీ కూర్చుంటాడు. గొంతు ఉన్న చోటనే ఉంటుంది.