స్కాన్‌లో ‘నాయిస్’ తగ్గాలి... రేడియేషన్ పెరగరాదు

జంషెడ్‌పూర్: ఉక్కు అతుకుల్లోని పగుళ్లను పట్టుకునేందుకు, మనిషి ఊపిరితిత్తుల్లోని కణితులను పట్టుకునేందుకు కూడా ఈ పారిశ్రామిక నగరంలో ఉపయోగపడేవి ఎక్స్‌కిరణాలే. అయితే రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. చిత్రం స్పష్టంగా రాకపోతే ఉక్కుపై కిరణాలను మరింతసేపు ప్రసరింపజేయవచ్చు. రోగి విషయంలో ఆ వెసులుబాటు లేదు. రోగ నిర్ధారణ యంత్రాలలో ‘నాయిస్’ తగ్గించడం నేటికీ శాస్త్రజ్ఞులకు సవాలుగా మిగలడానికి కారణం ఇదే.

సి.టి. స్కాన్ చిత్రాన్ని పరిశీలనగా చూస్తే బూడిద రంగుపై సన్నని ఇసుక చల్లినట్లు చుక్కలు కనిపిస్తాయి. సాంకేతిక పరిభాషలో దీనినే నాయిస్ అంటారు. చెవికి వినిపించే రొదకు దీనితో సంబంధం లేదు. కాలేయంలోని చిన్న కణితికి, దాని చుట్టూ ఉండే కణజాలానికి ఛాయలో ఉండే తేడా బహు స్వల్పం. నాయిస్ ఎక్కువైతే ఆ తేడా చుక్కలలో కలిసిపోతుంది. ఉన్న కణితి కనిపించకపోవచ్చు; లేనిది ఉన్నట్లు భ్రమ కలగవచ్చు.

నాలుగు రెట్ల మూల్యం

ఎక్స్‌కిరణాలు ఫోటాన్లనే శక్తి కణాలుగా శరీరాన్ని దాటి డిటెక్టర్‌ను చేరతాయి. వాన చినుకులు ఇంటి కప్పుపై ప్రతి పెంకు మీదా సరిసమానంగా పడనట్లే, ఫోటాన్లు సైతం డిటెక్టర్‌లోని ప్రతి గడిలోనూ ఒకే సంఖ్యలో పడవు. గడికి సగటున 100 ఫోటాన్లు చేరితే హెచ్చుతగ్గులు సుమారు 10, అనగా 10 శాతం. అదే 10,000 చేరితే హెచ్చుతగ్గులు 100, అనగా ఒక శాతం మాత్రమే. ఈ లెక్కన నాయిస్‌ను సగానికి తగ్గించాలంటే రేడియేషన్‌ను నాలుగు రెట్లు పెంచవలసి ఉంటుంది. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌కిరణాలు లేకపోయినా మూల్యం తప్పదు. కొలతలను మళ్లీ మళ్లీ తీసి సగటు కట్టే పద్ధతిలో నాయిస్ సగం కావాలంటే స్కాన్ సమయం నాలుగు రెట్లు కావాలి.

ఛాతీ ఎక్స్‌రేలో రోగికి అందే మోతాదు సాధారణంగా 0.1 మిల్లీసీవర్ట్‌కు మించదు. ఛాతీ సి.టి. స్కాన్‌లో అది 6, 7 మిల్లీసీవర్ట్‌ల వరకు ఉంటుంది. చిన్నతనంలో సి.టి. స్కాన్లు చేయించుకున్న బ్రిటన్‌కు చెందిన సుమారు 1.8 లక్షల మందిపై జరిపిన అధ్యయనాన్ని 2012లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. మోతాదు పెరిగేకొద్దీ రక్త క్యాన్సర్, మెదడు కణితుల ముప్పు పెరిగినట్లు అందులో తేలింది. వ్యక్తిగతంగా ఈ ముప్పు చాలా స్వల్పమే. అవసరమైన స్కాన్‌ను భయంతో మానుకోవడం అంతకన్నా ప్రమాదకరం.

కాగా, చికిత్స ఫలితాన్ని తెలుసుకునేందుకు క్యాన్సర్ రోగులకు పలుమార్లు స్కాన్లు తీయవలసి వస్తుంది. కనుక మోతాదు లెక్క క్యాన్సర్ ఆసుపత్రులలో మరింత కీలకం. జంషెడ్‌పూర్‌లో 1975లో నెలకొన్న క్యాన్సర్ ఆసుపత్రికి సర్ దొరాబ్జీ టాటా సతీమణి లేడీ మెహర్‌బాయి పేరు పెట్టారు. ఆమె 1931లో రక్త క్యాన్సర్‌తోనే కన్నుమూశారు.

మనవారి గణితం

సి.టి. యంత్రంతో తొలి రోగిని 1971 అక్టోబరు 1న లండన్‌లో పరీక్షించారు. అదే ఏడాది భారతీయ శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ కొలతల నుంచి చిత్రాన్ని నిర్మించే సులభ గణిత పద్ధతిని ప్రకటించారు. వారి పేర్లతోనే ‘రామ్-లాక్’ ఫిల్టర్ ప్రసిద్ధి చెందింది. అది అంచులను పదునుగా చూపుతుంది గాని, నాయిస్‌ను కూడా పెంచుతుంది. అందుకే ఎముకలకు పదునైన ఫిల్టర్‌ను, మెత్తని అవయవాలకు మృదువైన ఫిల్టర్‌ను వాడటం ఆనవాయితీ అయింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగు మేధావి సి.ఆర్. రావు 1945లో ప్రకటించిన సూత్రం కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. అందిన కొలతల నుంచి రాబట్టగల ఖచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని ‘క్రామెర్-రావు హద్దు’ తెలియజేస్తుంది. స్కానింగ్ పద్ధతుల సామర్థ్యాన్ని బేరీజు వేసేందుకు పరిశోధకులు నేటికీ దానిని ఆశ్రయిస్తున్నారు.

కృత్రిమ మేధతో జాగ్రత్త

తక్కువ మోతాదుతో తీసిన చిత్రం నుంచి కృత్రిమ మేధ సాయంతో నాయిస్ తొలగించే సి.టి. విధానాలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో అనుమతి ఇచ్చింది. ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రానికి 2021లో ఆమోదం లభించింది. అయితే కృత్రిమ మేధ నిర్మించే చిత్రాలలో చిన్న కణితి వంటి మార్పులు చెరిగిపోయే అవకాశం ఉందని 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడిన పరిశోధన హెచ్చరించింది. చిత్రం నునుపుగా ఉన్నంత మాత్రాన నిజమని భావించరాదన్నది దీని సారాంశం.

కొత్త యంత్రాలు ఖరీదైనవి. అవి అందుబాటులో లేనిచోట కూడా చేయదగినది కొంత ఉంది. రోగి శరీర పరిమాణాన్ని బట్టి మోతాదు నిర్ణయించడం, అవసరమైన భాగానికే స్కాన్‌ను పరిమితం చేయడం, రోగి కదలకుండా చూడటం వల్ల అనవసరపు రేడియేషన్ తగ్గుతుంది. పాత ఫిల్ములను, రిపోర్టులను భద్రపరచి వైద్యుని వద్దకు తీసుకువెళితే చేసిన స్కాన్‌నే మళ్లీ చేయించుకునే అవసరం తప్పవచ్చు.