కర్ణభేరి కదలికను కొలిచే కాంతి పరిజ్ఞానం - గ్రామీణ వినికిడి పరీక్షలకు దాని ప్రాధాన్యం

(ప్రత్యేక వ్యాసం)

వినికిడి లోపం చెవిలోని ఏ భాగంలో ఏర్పడిందో నిర్ధారించిన తరువాతనే సరైన చికిత్స సాధ్యమవుతుంది. ఆటోస్కోప్‌తో పరీక్షించినపుడు కర్ణభేరికి పడిన రంధ్రం, చీము, వాపు వైద్యునికి కనిపిస్తాయి. అయితే కర్ణభేరి శబ్దానికి ఏ మేరకు కంపిస్తున్నదీ, దాని మందమెంత అన్నదీ కంటిచూపుతో తెలియదు. ఈ లోటును పూరించేందుకు కాంతి ఆధారిత కొలత పద్ధతులు రూపొందాయి.

కర్ణభేరి సుమారు 0.1 మిల్లీమీటరు మందం గల మూడు పొరల పొర. సాధారణ సంభాషణకు అది నానోమీటర్ల స్థాయిలో మాత్రమే కదులుతుంది. మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఇంత సున్నితమైన పొరను తాకకుండా కొలవగలగడమే కాంతి పద్ధతుల ప్రత్యేకత.

ఇందులో మూడు విధానాలు ముఖ్యమైనవి. లేజర్ డాప్లర్ పద్ధతిలో, కర్ణభేరిపై ఒక బిందువు నుంచి తిరిగివచ్చే కాంతి పౌనఃపున్యంలోని మార్పును బట్టి కంపన వేగాన్ని లెక్కిస్తారు. హోలోగ్రఫీ మొత్తం ఉపరితలపు కదలికను చూపుతుంది. కర్ణభేరి గట్టి పలకవలె ఒకే తీరున కదలదని, శబ్ద పౌనఃపున్యం పెరిగేకొద్దీ భాగాలుగా విడివిడిగా కంపిస్తుందని టోన్‌డార్ఫ్, శ్యామ్ ఖన్నా 1972లో ఈ పద్ధతి ద్వారానే వెల్లడించారు. మూడవది ఆప్టికల్ కోహరెన్స్ టోమోగ్రఫీ (ఓసీటీ). 1991లో అమెరికాలో వెలువడి, నేడు కంటి ఆసుపత్రులలో సుపరిచితమైన ఈ పరిజ్ఞానం పొర లోతును మిల్లీమీటరులో నూరవ వంతు వరకు విడదీసి చూపుతూ, కంపనాన్ని సైతం కొలవగలదు. దీర్ఘకాలిక చెవి వ్యాధిగ్రస్తులలో కర్ణభేరి వెనుక పేరుకున్న సూక్ష్మజీవుల పొరను ఇల్లినాయ్ పరిశోధకులు 2012లో దీనితోనే గుర్తించారు.

కర్ణభేరి చెక్కుచెదరకున్నా వినికిడి తగ్గిన సందర్భాలలో ఈ కొలతలు ఎంతో ఉపకరిస్తాయి. మధ్యచెవిలోని మూడు ఎముకల గొలుసు తెగిపోతే కర్ణభేరి కదలిక పెరుగుతుంది. చివరి ఎముక బిగుసుకుపోతే కొంత తగ్గుతుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు స్థితులకు శస్త్రచికిత్సలు వేర్వేరు.

2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వికారాబాద్ జిల్లాలో చేరిన దౌల్తాబాద్ వంటి మండలాలకు ఈ విషయం రెండు విధాల ముఖ్యం. మొదటిది, పిల్లలలో చెవి చీము. నిర్లక్ష్యం చేస్తే కర్ణభేరి, ఎముకలు దెబ్బతిని చదువు కుంటుపడుతుంది. రెండవది, తాండూరు ప్రాంతపు నాపరాళ్ల కోత, పాలిషింగ్ యూనిట్ల శబ్దం. నిరంతర శబ్దం దెబ్బతీసేది లోపలి చెవినే గనుక కార్మికుని కర్ణభేరి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. అటువంటి వారికి ఆడియోమెట్రీ పరీక్ష తప్పనిసరి. కర్ణభేరి చిత్రం దానికి ప్రత్యామ్నాయం కాదు.

కర్ణభేరి కంపనాలను కొలిచే పరికరాలు ప్రధానంగా పరిశోధన స్థాయిలోనే ఉన్నాయి. మండల స్థాయిలో సకాలంలో గుర్తించి పై ఆసుపత్రికి పంపడమే ఇప్పటికి అసలైన రక్షణ. 2007లో మొదలైన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. చీము కారే చెవిలో నూనె, పసరు పోయరాదని, నీరు చేరనీయరాదని, పిలిస్తే పలకని పిల్లలను వెంటనే పరీక్ష చేయించాలని తల్లిదండ్రులకు తెలియజెప్పడంలో ఆరోగ్య సిబ్బంది, ఉపాధ్యాయులు, పాత్రికేయుల పాత్ర కీలకమైనది.