నాలుగు రోజుల్లో మారిన రాజ్యాంగం

మనం ఓటేసి గెలిపించిన సభ చేసిన చట్టాన్ని, ఏ ఎన్నికలోనూ నిలబడని జడ్జీలు కొట్టేయడమేమిటి? ఈ ప్రశ్న వేసేవాళ్లు 1975 ఆగస్టును ఒకసారి చూడాలి.

ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని జూన్ 12న అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఆమె అప్పీలు ఆగస్టు 11న సుప్రీంకోర్టులో విచారణకు రావాలి. 7న లోక్‌సభ, 8న రాజ్యసభ 39వ సవరణను ఆమోదించేశాయి. 9న రాష్ట్రాల శాసనసభలు సరేనన్నాయి. 10న రాష్ట్రపతి సంతకం అయిపోయింది. ప్రధాని ఎన్నికపై కోర్టుల జోక్యం ఉండదని, వెలువడిన తీర్పు కూడా చెల్లదని అందులో రాసుకున్నారు. ఓట్లకు లోటు లేదు, పద్ధతిలో తేడా లేదు. ఎమర్జెన్సీ నడుస్తోంది కాబట్టి ప్రతిపక్ష నేతలు చాలామంది మాత్రం జైళ్లలో ఉన్నారు. నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. మార్చిన ఎన్నికల చట్టం ప్రకారం ఆమె ఎన్నిక మాత్రం నిలబడింది.

కోర్టుకు ఆ బలం కేశవానంద భారతి తీర్పు నుంచి వచ్చింది. 13 మంది జడ్జీలు 68 రోజులు విని, 1973 ఏప్రిల్ 24న 7–6తో తేల్చారు: రాజ్యాంగాన్ని సవరించవచ్చు, దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఒక్క ఓటు తేడా! ఆ ఏడుగురిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లిన పి. జగన్మోహన్‌రెడ్డి ఒకరు.

1967లో గోలక్‌నాథ్ కేసులో ఇంకా గట్టి మాట అన్నది కూడా తెలుగువారే, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించనే కూడదన్నారు. అది మరీ బిగించడమేనని నాకనిపిస్తుంది. 1973 తీర్పు ఆ ముడిని కాస్త వదులు చేసింది.

అన్ని దేశాలూ కోర్టుకే చివరి మాట ఇవ్వలేదు. నెదర్లాండ్స్‌లో పార్లమెంటు చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో జడ్జీలు తేల్చకూడదు. కెనడాలో చట్టసభ కొన్ని హక్కులను పక్కనపెట్టి అయిదేళ్లు చట్టాన్ని నడుపుకోవచ్చు. గడువు దాటితే సభలో మళ్లీ నెగ్గించుకోవాలి.

మన దగ్గర కోర్టు కాపాడలేకపోయిన రోజూ ఉంది. ఎమర్జెన్సీలో నిర్బంధించినవారు కోర్టుకు వెళ్లవచ్చా అన్న 1976 జబల్‌పూర్ కేసులో, పోలీసు సొంత కక్షతో మనిషిని చంపినా దిక్కు లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. అయినా నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపే నిలిచారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తప్పును సరిదిద్దింది ఎన్నికల్లో గెలిచి వచ్చిన కొత్త పార్లమెంటే. 1978 నాటి 44వ సవరణతో, ఎమర్జెన్సీలోనూ ప్రాణ, స్వేచ్ఛల హక్కు కోసం కోర్టు తలుపు తట్టకుండా ఎవరూ ఆపలేరు.